టిక్కీ బరువు

అరండల్‌పేట నాలుగో లైన్లో
జిరాక్స్ షాపు మీద రెండో అంతస్తు.
కరెంటు పోతే ముందు ఫ్యాను ఆగుతుంది,
కాసేపటికి నా మాట.

నాగూర్‌బీ తెచ్చిన షాటు ఎనిమిది సెకన్లు.
మిర్చి యార్డులో ఒక హమాలీ.
గుమాస్తా వచ్చి ఇవాళ కూలి సగమే అంటాడు.
అంతే కథ.

మొదటిసారి
హమాలీ చేతులు రెండూ ఒకేసారి లేచి
ఒకేసారి తలమీద పడ్డాయి,
పెరేడ్ గ్రౌండులో పోలీసుల్లా.
కళ్ళు ఇడ్లీలంత అయ్యాయి. నోరు తెరుచుకుంది.
కన్నీటి చుక్క ఒకటి చెంపమీద జారి
గడ్డం దగ్గర మెరిసి ఆగింది.
క్లాసంతా చప్పట్లు కొట్టింది.

ఏం చెప్పాలో తెలిసి కూడా
పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చున్నాను.
రాత్రంతా మేలుకున్న పిల్లకి
తెల్లారి తప్పు చెప్పడమంటే
పురిటి మంచం పక్కన నిలబడి
బిడ్డ ముక్కుకి వంక పెట్టడమే.

"యార్డులో ఎవరైనా ఇలా తల పట్టుకోగా చూశావా?"
"లేదు సార్."
"మరి ఇతనెక్కడ నేర్చుకున్నాడు?"
"టీవీలో."
ఆ మాట తనే అంది. నేను అనలేదు.

బొమ్మంతా నల్లరంగుతో నింపమన్నాను.
కళ్ళు పోయాయి, నోరు పోయింది, ఉత్త నీడ మిగిలింది.
ఇప్పుడు చెప్పమ్మాయ్,
ఇతను బాధపడుతున్నాడా, తల దువ్వుకుంటున్నాడా?
గుమాస్తాని తీసుకెళ్ళి టిక్కీల వెనక దాచావు.
కోసేవాడు కనపడకపోతే కోత ఎవరికి కనపడుద్ది?
మెట్టెక్కించు. చేతికి లెక్కల అట్ట ఇవ్వు.
ఇతన్ని కింద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదులు,
ఆ మాట నడిచి రావడానికి.
ముందు కన్ను వినాలి, తర్వాత మెడ.
చేతికి కబురందేది అందరికన్నా చివర,
అప్పటికే మనిషి దాచుకోవడం మొదలుపెట్టి ఉంటాడు.

మా తాత తెనాలి నాటకాల్లో
తెరపక్కన నిలబడి పద్యం అందించేవాడు.
"గట్టిగా అందిస్తే జనానికి వినపడుద్దిరా,
మెల్లిగా అందిస్తే వేషగాడికే వినపడదు.
ఆ రెంటి మధ్య గొంతు దొరకడానికి
నాకు నలభై ఏళ్ళు పట్టింది" అనేవాడు.
నాకింకా పదకొండేళ్ళే.

మూడు తెల్లవారుజాములు యార్డుకెళ్ళి
ఎర్రటి కళ్ళతో, తుమ్ములతో వచ్చింది.
బొమ్మల పుస్తకం తిప్పితే
కాగితాల మధ్య కారం ధూళి, నాకూ తుమ్ము.
అందులో ఎవరూ ఏడవట్లేదు.
ఒకడు తలగుడ్డ విప్పి దులుపుతున్నాడు.
ఒకడు కొక్కెం మొన బొటనవేలితో చూసుకుంటున్నాడు.
ఒకడు ఎవరో పిలిచినట్టు వెనక్కి చూస్తున్నాడు.
ఎవరు పిలిచారు అని అడిగాను.
ఎవరూ పిలవలేదంది.

రెండోసారి తెచ్చింది మధ్యలోనే హ్యాంగయింది. దాన్ని లెక్క వెయ్యను.

మూడోసారి
గుమాస్తా మెట్టుమీద ఉన్నాడు.
హమాలీ విన్నాడు. కన్ను కదిలింది, మెడ కదల్లేదు.
పద్నాలుగు ఫ్రేములు ఏమీ చెయ్యలేదు.
ఆ తర్వాత వీపు తిప్పి
తలగుడ్డ విప్పాడు, దులిపాడు, చుట్టుకున్నాడు,
ముందుకన్నా కాస్త బిగించి.
వంగి ఇంకో టిక్కీ ఎత్తుకున్నాడు.

"ముఖం కెమెరా వైపు తిప్పు," అలవాటుగా అనేశాను.
"వీపుతో ఏం నటిస్తాడు?"

నాగూర్‌బీ మౌస్ మీంచి చెయ్యి తీసింది.
"ముఖం చూపించేవాడైతే
అటు తిరిగేవాడే కాదు గదా సార్."

మళ్ళీ వెయ్యమన్నాను. మళ్ళీ.
ఐదోసారికి కనపడింది
భుజం కింద చొక్కా చిరుగు,
ఊపిరికి కొంచెం తెరుచుకుంటూ, మూసుకుంటూ.
అది ఎప్పుడు పెట్టావని అడగలేదు.

కాగితం మీద 'ముఖం' అని రాసింది కొట్టేసి
కింద ఇలా రాసిచ్చాను:

టిక్కీ ఇంకా దూదితో నింపినట్టే ఉంది.
ఎత్తే ముందు మోకాలు ఒప్పుకోవాలి.
సోమవారం చూపించు.