గురువారం కవరు

ఐదే ఇచ్చారు.
సంతకం పెట్టించుకుని, లెక్క రాసుకుని,
"మళ్లీ ఎప్పుడొస్తాయో తెలీదమ్మా" అని
గట్టి మాస్కులు ఐదు చేతిలో పెట్టారు.
కాశీబుగ్గలో నా వీధులు పదకొండు.
తలుపులు మూడొందల పైచిలుకు.

ఉతక్కూడదన్నారు. ఉతికితే
లోపలి జల్లెడ చచ్చిపోతుందట,
పైకి తెల్లగా నవ్వుతూనే.
శానిటైజరు కొట్టొద్దన్నారు.
ప్లాస్టిక్ సంచిలో ముడేస్తే ఊపిరి చెమ్మ ఊరిపోతుందన్నారు.
కాగితం కవర్లో పెట్టి, రోజు రాసి,
గాలాడే చోట వదిలెయ్యమన్నారు.
తిరిగి అదే వారం వచ్చేసరికి
లోపలున్నది ఆకలికి తనే పోతుందట.

కాగితం కవర్లకి మా ఇంట కరువా?
కూర్మారావు జీడి బట్టీలో పనిచేస్తాడు.
పావుకిలో కవర్లు, మడత చెడినవి,
షావుకారు పారెయ్యమన్నవి తెచ్చాడు.
స్కెచ్ పెన్నుతో మా గుంట రోజులు రాసింది.
రావత్తు మర్చిపోయి
శుక్రవారాన్ని చిలక వారం చేసింది.
వసారాలో దండేనికి క్లిప్పులేసి తగిలిస్తే
తవిటమ్మత్త చూసి
"ఏటే, కొత్త దేవుళ్ళా?" అంది.

శని, ఆదివారాలకి గుడ్డవి.
అతని పాత పంచె మూడు పొరలు చేసి నేనే కుట్టాను.
వాటి సంగతి వేరు.
సబ్బు, సలసల కాగే నీళ్ళు, మాడ్చే ఎండ.
వాటి మీద ఎంత కోపమైనా చూపించొచ్చు.

పొద్దున్నే కవరు విప్పితే
వేయించిన జీడిపప్పు వాసన.
దగ్గులు వినిపించే గుమ్మం ముందు నిలబడి
జ్వరం తుపాకీ నుదుటికి గురిపెడుతున్నప్పుడూ
ముక్కు నిండా అదే.
ఉద్దానం తోటల్లోంచి ఎవరో
పిడికెడు పప్పు కొంగున కట్టి పంపినట్టు.
ఎవరికీ చెప్పలేదు.
అలాంటి రోజుల్లో అంత సుఖం
చెప్పుకునేది కాదు.

ఐదో వారమో, ఆరో వారమో.
గురువారం.
కవరు విప్పాను.
మాస్కు ఉంది. వాసన లేదు.
"కవర్లు పాతబడ్డాయి మావా, వేరేవి తే" అన్నాను.
కూర్మారావు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"ఏటే, గుమగుమలాడిపోతంటే..."
అని, ఆగిపోయాడు.

నేను రెండడుగులు వెనక్కి వేశాను.
పదమూడేళ్ళ కాపురంలో
కోపం లేకుండా వెనక్కి వేసిన అడుగులు
అవే మొదలు.

వెనక గదిలో నేను.
తలుపవతల నా గొంతు మాత్రం కాపురం చేసేది.
"గుడ్డవి విడిగా నానబెట్టు. పది నిమిషాలు మరగాలి.
పిండాక మొహం తాకకు. సబ్బు, సబ్బు, ముందు చేతులకి సబ్బు."
"ఊ" అనేవాడు. కాసేపటికి మళ్ళీ "ఊ".
అన్నం సున్నం. చారు వేడినీళ్ళు.
తవిటమ్మత్త నెత్తళ్ళ పులుసు పంపింది.
అదైతే మరీ అన్యాయం,
వీధి చివరిదాకా వెళ్ళిందట ఆ వాసన,
నా దాకా రాలేదు.
వసారాలో కవర్లు అలాగే వేలాడుతున్నాయని
తలుపు సందులోంచి గుంట చెప్పేది,
గురువారానిది ఒక్కటే నోరు తెరుచుకుని ఉందని.

పన్నెండో రోజు, మధ్యాహ్నం.
బట్టీ నుంచి ఫోనొచ్చి అతను వాకిట్లో మాట్లాడుతున్నాడు,
రేపట్నుంచి పని ఉందో లేదో.
నేను గోడకేసి తిరిగి పడుకున్నాను.
ఏదో వచ్చింది. పలచగా, దారప్పోగులా.
ముందు జ్ఞాపకం అనుకున్నాను.
జ్ఞాపకం గొంతు గీరదు కదా.

"ఓ మావా! పొయ్యి! నీళ్ళింకిపోయాయి,
గుడ్డలు మాడిపోతన్నాయి!"

పరుగు. గిన్నె దబ్బున పడ్డ చప్పుడు.
ఒక బూతు, తనకి తనే.
"రెండూ పోయాయే. పెనానికంటిన అట్లయిపోయాయి."
గొంతులో దొంగతనం చేసిన పిల్లాడి ఏడుపు.

ఆ తర్వాత ఇద్దరం ఏమీ అనలేదు.
తలుపు కింద నుంచి పొగ మెల్లగా
లోపలికి వస్తూనే ఉంది.

"ఏటే," అన్నాడు చాలాసేపటికి,
"నీకెలా తెలిసింది?"