పద్నాలుగో రోజు

చిత్తూరు మామిడిగుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు
వ్యానులో కూర్చుని
మొగిలమ్మ చేతిలో నరం వెతుకుతున్నా.
"బయట చేరి ఎన్నో రోజక్కా?"
"పద్నాలుగు."
"ఇంటాయన?"
నవ్వి, కొంగుతో తోతాపురి సొన తుడుచుకుంది.
"నిన్న రేత్రే లారీ దిగినాడు.
దానికీ నెత్తురుకీ ఏం సమ్మందం పాపా?"

ఉందనే అంటున్నాయి కాగితాలు, ఇంకా తేల్చలేదు:
ఈ నాలుగు రోజులూ
ఒంటి కావలోళ్లు కర్రలు కాస్త దించుతారట,
వచ్చేది పరాయోడైనా
చుట్టం కావచ్చునని.

"అదా!" దూది అదిమి పట్టుకుని అంది,
"ఆయనొచ్చి పోయినప్పుడల్లా
నాకు రొంపెందుకు పడతాదో ఇప్పుడు తెలిసె.
వాకిలి వారగా తీసినామంటే
గాలి కూడా వస్తాది గదా."

సీసా మీద పేరుండకూడదు, నంబరే.
రాశాను.

నాది ఇరవై రెండో రోజు.
నన్నెవరూ అడగలేదు.