మేకు లేని సైకిలు

మా ఆయన జుమ్‌గల్ గుడారాలకు ఎముకలు చేస్తాడు.
పైన కప్పే ఉన్ని నాది.
ముప్పై ఏళ్లుగా ఇదే పొత్తు.

ఈ చలికాలం గిరాకీ లేదు.
మేనకోడలు కలిచాకి బడి ఏడు కిలోమీటర్లు.
ఇనప సైకిలు కొనాలంటే రెండు గొర్రెలు పోతాయి,
కిర్గిజ్ కొండల్లో గొర్రె అంటే చిన్నమాట కాదు.
"కర్రతో చేస్తా" అన్నాడు, టీ గిన్నెలోకి చూస్తూ.
నేను నవ్వాను. అదే నా పొరపాటు.
నవ్వితే ఇక మానడు.

టేపు లేదు, కాగితం లేదు.
పిల్లను గోడకి నిలబెట్టి
తుంటి నుంచి మడమ దాకా జానలేశాడు.
నాలుగు జానలు, మూడు వేళ్లు.
తలుపు వెనక బొగ్గుతో సైకిలు బొమ్మ గీశాడు.
ఇంకా ఉంది, తుడవనివ్వడు.

ఆకురాలే కాలంలో వాగు ఒడ్డున నరికిన విల్లో కొమ్మల్ని
తడి పేడ సెగలో మగ్గబెట్టి
రెండు గుంజల నడుమ ఇరికించి
ఒళ్లంతా బరువు చేసి వంచాడు.
కర్రకి జ్ఞాపకం ఎక్కువ అంటాడు,
నిటారుగా పెరిగిన రోజుల్ని మరిచిపోదట.
అందుకే కావలసినదానికన్నా ఓ వేలు ఎక్కువ వంచాలి.
అది అలిగి, కాస్త వెనక్కి జరిగి,
మనం అనుకున్న చోటే ఆగుతుంది.
నా దగ్గరా ఇదే లెక్క వాడాడేమో,
ఎప్పుడూ అడగలేదు.

చట్రం కలిసేచోట మేకు లేదు, జిగురు లేదు.
కన్నంలో కుసి, దాని మీద
తడి జడలబర్రె తోలు చుట్టు.
ఆరేకొద్దీ బిగుస్తుంది, అప్పిచ్చినవాడి పట్టులా.

చక్రం దగ్గర తగవొచ్చింది.
గుడారం నడినెత్తిన ఉండే వలయం, తుందుక్,
పొగ పోయేదీ, తొలి వెలుగు దిగేదీ అందులోంచే.
అదే కర్ర, అదే వంపు, అదే చెయ్యి.
"ఆకాశాన్ని చూసేదాన్ని పేడలో దొర్లిస్తావా?"
గుమ్మం దాటకుండానే అరిచాడు పొరుగింటి ఒర్మోన్.

ఆ రాత్రి ఉలి ముట్టలేదు మా ఆయన.
వలయాన్ని ఒళ్లో నిలబెట్టుకుని
అందులోంచి పొయ్యిని చూశాడు, నన్ను చూశాడు,
నిద్రపోతున్న పిల్ల పాదాలు చూశాడు.
పొద్దున్నే,
తుందుక్‌కి ఉండే అడ్డకమ్ముల జోలికి పోకుండా
నడుమ బొడ్డు పెట్టి ఇరవై పుల్లలు బిగించాడు.
"ఇప్పుడిది వేరే వస్తువు" అన్నాడు.
ఎవరితో అన్నాడో తెలీదు.

గొలుసూ బేరింగులూ పాత రష్యా సైకిలువి.
అవి మాత్రం ఇనుమే, దాచలేదు.
సీటుకి మూడు పొరల ఉన్ని తొక్కి ఇచ్చాను.
టైర్లకి పచ్చితోలు కుట్టాడు.

మొదటిసారి తొక్కితే
కిర్రుమనలేదు, మూలిగింది,
కొత్త గుడారం తొలి గాలికి మూలిగినట్టు.
కలిచా వంతెన దాకా పోయి
మలుపు తిప్పడం చేతకాక దిగి
నడిపించుకుంటూ వచ్చింది, మొహం నిండా గర్వంతో.

ఆ రాత్రే కుక్క ముందు టైరు తినేసింది.
తోలు కదా, దాని తప్పేముంది.
జుమ్‌గల్ తిట్టలేదు.
పళ్లగాట్లు పడ్డ వలయాన్ని చాలాసేపు తడిమి
"చూశావా, వెనక్కి రాలేదు" అన్నాడు,
"ఒక్క వేలు కూడా."