కరెంటు పోయిన పాట

నరసాపురం పంటురేవు దగ్గర మైకుసెట్టు కొట్టు నాది.
పెళ్ళికి రెండు కొమ్ములు, చావుకి ఒకటి,
ఓట్లప్పుడు ఆటో మీద నాలుగు.
అంతవరకే తెలిసినవాణ్ణి పట్టుకుని
ఓ పిల్ల అడిగింది:
"పియానో రికార్డు చేస్తారా అండీ?"

హెప్సిబా.
వాళ్ళమ్మ లేసు అల్లుతుంది, డజనుకి ఇంతని.
ఈ పిల్ల వేళ్ళూ ఊరుకునేవి కావు.
మాట్లాడుతూ మాట్లాడుతూనే
నా కౌంటరు అద్దం మీద
నాకు వినపడనిదేదో వాయించేస్తున్నాయి.

పియానో మిషన్ బడి స్టోరు గదిలో ఉంది,
విరిగిన బెంచీల వెనక, దుప్పటి కప్పుకుని.
ఉప్పుగాలికి లోపల తీగలన్నీ తుప్పు.
పాలకొల్లులో హార్మోనియాలు బాగుచేసే గంగులుగారు
రెండు రోజులు కూచుని
సైకిలు పానాతో శ్రుతి చేశాడు.
"ఇంతకంటే అడక్కండి, తెగుద్ది" అన్నాడు.

ఆగస్టు. గోదారి ఎర్రగా, రేవు మెట్లు నాలుగు మింగేసి ఉంది.
ఆఖరి పంటు ఆగాక మొదలెట్టాం.
కిటికీలకి కొబ్బరిపీచు పరుపులు అడ్డం పెట్టాం.
కప్పలు లెక్కచెయ్యలేదు.
ఇప్పటికీ మొదటి పాట అడుగున అవే ఉంటాయి,
తాళం తప్పకుండా.

రెండోది, సఖినేటిపల్లి వెళ్ళాల్సిన ఎవరో
పంటు తప్పిపోయి రేవులోనే తెల్లార్చడం.
మూడోది, మరక పడిందని ఏజెంటు
వాళ్ళమ్మ కూలిలో కోసుకున్న పదకొండు రూపాయల మీద.
పదకొండు రూపాయల మీద పాటేంటమ్మా అన్నాను.
"మరి దేని మీద రాయమంటారు?" అంది.
నా దగ్గర జవాబు లేదు, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను.

నాలుగోది దేని గురించో ముందు చెప్పలేదు.
ఒక నిమిషం పన్నెండు సెకన్లు.
"ఒడ్డు" అనబోతోంది,
"ఒ" దగ్గర కరెంటు పోయింది.

మిషను ఆగింది. ఆ పిల్ల ఆగలేదు.
చీకట్లో ఆ మెట్లు ఎలా దొరికాయో,
చివరిదాకా వాయించింది, చివరిదాకా పాడింది.
గుమ్మంలో వాచ్‌మన్ యెషయా బీడీ
పీల్చడం మర్చిపోయి అలాగే ఆరిపోయింది.
కరెంటొచ్చాక అడిగాను, ఇంకోసారి అమ్మా, అని.
"అయిపోయిందండి" అని మూత వేసేసింది.

వంద సీడీలు. పేరు "పోటూ పాటూ".
భీమవరం ప్రెస్సువాడు చివరి కొమ్ము మింగేసి
"పోటూ పాట" అని అచ్చేశాడు.
నేను కొట్లాటకి బయల్దేరితే తను నవ్వింది,
"ఉండనివ్వండి, కూలి మిగిలింది."
ఇరవై రూపాయలకి ఒకటి, లేసుదారంతో ముడేసి.
ముప్పై ఒకటి ఇంకా నా బీరువాలో ఉన్నాయి.

ఇప్పుడు హైదరాబాదులో పెద్ద హాళ్ళు,
మొహం కనపడేంత నల్లటి పియానో.
మొన్న ఓ కుర్రాడు బండేసుకుని వచ్చాడు ఆ సీడీ కోసం.
"నాలుగో పాట మాట మధ్యలో ఆపేశారు చూడండి,
ఎంత ధైర్యమండీ!" అన్నాడు.
ధైర్యం కరెంటాఫీసువాళ్ళది బాబూ, అన్నాను.
జోకనుకున్నాడు.

యెషయా పోయిన చలికాలం వెళ్ళిపోయాడు.
ఒక కొమ్ము కట్టాను, డబ్బు తీసుకోలేదు.
కొమ్ము విప్పుతుంటే తట్టింది,
ఆ మిగతా పాట విన్నవాళ్ళలో
ఇక ఇద్దరమే, పాడినదానితో కలిపి.

ఆదివారం ఫోను. ఏళ్ళ తర్వాత.
"అంకుల్, నాలుగోది… 'ఒడ్డు' తర్వాత
ఎలా వెళ్తుంది? గుర్తుందా మీకు?"
రాసినావిడ నన్ను అడుగుతోంది!
షట్టరు సగం దించి, గొంతు సవరించుకుని
నాకున్నదేదో కూనిరాగం తీశాను.
మధ్యలో ఏదో చర్చి పాట కలిసింది,
ఇంకెక్కడో సబ్బు ప్రకటన.

అవతల చాలాసేపు ఏమీ లేదు.
"అలా కాదండీ" అంది.

కాదని నాకూ తెలుసు.
ఎలా కాదో ఇద్దరికీ తెలుసు.

రేవులో పంటు దిగిన స్కూటర్లు
ఒకటొకటే స్టార్టవుతున్నాయి.