కూతవేటు

ఐర్లండ్ దక్షిణపు ఒడ్డున మా రేవుపట్నానికి
రెండు స్టేషన్లు, నదికి అటొకటి ఇటొకటి.
అటువైపుది రాతి కట్టడం, గాజు కప్పు,
డబ్లిన్ దాకా పోయే దర్జా.
ఇటువైపుది సాల్టర్స్ కీ:
ఒక ప్లాట్‌ఫారం, ఒక గడియారం,
వానకు ఉబ్బి తలుపు పడని టికెట్ గది.

నగరపాలక ఆఫీసులో పాత పటాలకు నేను కాపలా.
దాని పటం నా బల్ల మీదే ఉంది,
పద్దెనిమిది వందల ఎనభై ఒకటి, నారబట్ట మీద నల్లసిరా.
మూలన ఎవరో ఎర్రసిరాతో రాశారు:
తాత్కాలికం.

వంతెనకు డబ్బు చాలలేదు, అంతే.
పడమటి పల్లెల నుంచి అరవై మైళ్ళు
బురదనేలలు దాటి, కొండలు తొలుచుకుని వచ్చిన పట్టాలు
పెద్ద స్టేషన్ కళ్ళబడ్డ చోట చతికిలబడ్డాయి.
మధ్యలో నది. మూడు వందల గజాలు.
కూతవేటు దూరం.
అక్కడ ఇంజను కూస్తే
ఇక్కడ సాసరులో కప్పు వణికేది.

వచ్చే ఏడు కలుపుతాం, అన్నారు వాటాదారుల సభలో.
ఆ మాట డెబ్భై ఆరు సభల చిట్టాల్లో ఉంది.
నేను లెక్కపెట్టాను.
ఇరవయ్యో ఏట గుమాస్తా విసిగి
'యథాప్రకారం' అని రాసి ఊరుకున్నాడు.
తర్వాతి గుమాస్తాలు ఆ ఒక్క మాటే దింపుకుంటూ పోయారు.

ఆ మూడు వందల గజాల లోటు మీద
టూహిగ్ వాళ్ళు మూడు తరాలు బతికారు.
మొదట కాన్ టూహిగ్ తోపుడుబండి,
తర్వాత కొడుకు డెనీ,
డెనీకి నడుం పట్టేశాక అతని కూతురు హానర్.
ఈ బండి దిగినవాళ్ళు ఆ బండి ఎక్కాలంటే
ఎగువనున్న రోడ్డు వంతెన చుట్టి పోవాల్సిందే.
పెట్టెకు రెండు పెన్నీలు, వానైతే మూడు.
వాన కాని రోజేది మాకు?

వెన్న పీపాలు, వల బుట్టల్లో కోళ్ళు,
ఓడెక్కబోయే ఆడపిల్లల అట్టపెట్టెలు,
ఒకసారి పియానో. వంతెన నడుమ బండి కుదుపుకు
దానంతటదే ఒక స్వరం పలికిందట.
మరోసారి, లండన్ నుంచి తిరిగొచ్చిన శవపేటిక.
దానికి రేటు ఏ పట్టికలోనూ లేదు.
హానర్ తోసింది, చెయ్యి చాపలేదు.

వేసవి ఆదివారాల్లో సముద్రం దాకా చవక బండి.
రాత్రి పెట్టెల్లోంచి ఊడ్చిన ఇసుకను
స్టేషన్ మాస్టర్ లార్డన్ డబ్బాల్లో దాచేవాడు.
జనవరి మంచుకు ప్లాట్‌ఫారం జారితే చల్లడానికి.
అలా కొందరం
నడిశీతాకాలంలో బీచి మీద నడిచి బండెక్కాం.

యాభై ఏడు, సెప్టెంబరు ఆఖరి శనివారం.
ఆఖరి బండి అని గోడ మీద కాగితం.
అయినా లార్డన్ అలవాటు కొద్దీ
నోరా లూసీకి రానూపోనూ టికెట్టు కోశాడు.
ఆమె బస్సులో తిరిగొచ్చి, మిగిలిన సగం చూపించి
డబ్బు వాపసు అడిగింది.
కంపెనీ జవాబు నా ఫైల్లో ఉంది:
'పరిశీలనలో ఉన్నది.'

తర్వాత అది టైర్ల గోదాము. తర్వాత తివాచీల కొట్టు.
పట్టాలు పాత ఇనుముకు పోయాయి,
గడియారం ఎటు పోయిందో ఎవరూ ఒప్పుకోరు.
ఇప్పుడు కార్లు నిలిపే జాగా.
పట్టాల చివర అడ్డంగా నిలబడ్డ ఆ దుంగ ఒక్కటి
పీకడానికి ఖర్చెక్కువని వదిలేశారు,
పసుపు రంగు పూసి.

కిందటేడు వంతెన వచ్చింది.
నడిచేవాళ్ళకు మాత్రమే.
పటంలో చుక్కల గీత ఉన్న చోటుకు
నాలుగు బారలు పక్కగా.
రిబ్బను కత్తిరించాక ఎనభై ఎనిమిదేళ్ళ హానర్‌ను
చెయ్యి పట్టుకుని నేనే దాటించాను.
ఆమె అడుగులు లెక్కపెడుతోంది, పెదాలు కదుపుతూ.
నడుమ ఆగి నీళ్ళలోకి చూసి అంది:
'ఇంతేనా?'
కాసేపటికి,
'ఇది ముందే కట్టుంటే మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.'

వెనకనుంచి ఒక కుర్రాడు
చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ వచ్చాడు.
పలకల అతుకుల మీద టకటకా, టకటకా.
హానర్ పక్కకు జరిగి దారిచ్చింది.
లెక్క తప్పింది కాబోలు,
మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.