మూడో నెల

భూమి కదిలిన రాత్రి ఇట్టో ఏడవలేదు.
మేకల్ని లెక్కపెట్టింది. ఒకటి తక్కువ.
తెల్లారి రొట్టె కూడా కాల్చింది.

మేకల పొదుగులు ఆ వారమే ఎండాయి.
తన జుట్టు మాత్రం మూడో నెలలో
దువ్వెనకి గుప్పెళ్లుగా వచ్చింది.
"ఇప్పుడెందుకు? ఇప్పుడు బాగానే ఉన్నాగా?"
తారూదాంత్ ఆసుపత్రి వరండాలో
తలగుడ్డ విప్పకుండానే అడిగింది.

నాకు తెలిసినంత చెప్పాను:
ఆ రాత్రి గుండె పరుగెత్తింది,
రక్తం కాళ్లలోకి దూకింది,
ఒళ్లు ఖర్చు తగ్గించుకుంది.
పని ఆపమని ముందుగా కబురెళ్లింది
వెంట్రుకల కుదుళ్లకే.
ఆగిన వెంట్రుక రాలడానికి
అంత కాలం పడుతుంది.

నవ్వింది.
"ఇది మా ఆర్గాన్ చెట్టు కథే."
వాన మొహం చాటేసిన ఏడు
ఆకులన్నీ దులిపేసుకుని
ముళ్లతో నిలబడుతుందట.
ఎవడో ఒకడు గొడ్డలి తెస్తాడట.
"మా అత్త గోటితో బెరడు గీకేది.
లోపల పచ్చగా కనిపిస్తే
గొడ్డలివాణ్ణి పుదీనా టీ తాగి వెళ్లమనేది."

ఐరన్ బిళ్లలు తప్ప ఏమీ రాయలేదు.
గుమ్మం దగ్గర ఆగి
తలగుడ్డ కాస్త జరిపి
నుదుటి అంచుని గోటితో తడుముకుంది.
గరుగ్గా, పొట్టిగా, ఏవో తగిలాయి.

మేక మాత్రం
ఇంకా రాలేదంది.