ఎడమ మూల

కావలి రైలుకట్ట పక్కన
సున్నం గీతల మధ్య ఆ రోజు
నూట పన్నెండు మంది పిల్లకాయలు.
ఉన్నవి పన్నెండు బనియన్లు.
నా మెళ్ళో విజిలు, చంకలో జిల్లా రిజిస్టరు.

హైదరాబాదు నుంచి ఇద్దరు దిగారు, కొత్త లీగు మనుషులు.
టేపు తెచ్చారు.
తొడ కొలిచారు, మణికట్టు కొలిచారు,
అరచెయ్యి విప్పించి వేళ్ళ నడుమ జాగా కొలిచారు.
ఒంగోలు గిత్తను బేరమాడేవాడు కూడా
ముందు ఒకసారి మూపురం నిమురుతాడు.

చెడుగుడులో ఉండేవి రెండే పనులు.
కూతకెళ్ళేవాడు ఒక్కడు, వాడి గొంతు మైదానమంతా వినపడుతుంది.
పట్టేవాళ్ళు ఏడుగురు, నోరు మూసుకుని కాళ్ళు చూస్తుంటారు.
ఎవరిని ఏ పనికి పెట్టాలా అని
నేనెన్నడూ కులం అడగలేదు.
ఒట్టేసి చెప్తున్నా, అడగలేదు.
అయినా ఏటేటా
కాలవ కింద మాగాణి ఉన్న ఇళ్ళ పిల్లకాయలు కూతకెళ్ళారు,
పేటల్లోంచి, యానాది కాలనీల్లోంచి వచ్చినోళ్ళు
మూలల్లో నిలబడ్డారు.
మోకాళ్ళు చీరుకుపోయేది మూలల్లోనే.

రిజిస్టరులో చివరి గడి, గమనిక.
సుదర్శనం కెదురుగా రాశాను:
"చురుకు. ఆట చదవగలడు. నాయకత్వానికి పనికొస్తాడు."
పోలేరయ్య కెదురుగా:
"బలం. పుట్టుకతో వచ్చిన పట్టు."
ఎవరూ చెప్పి రాయించలేదు.
కలానికే అలవాటు.

టేపు చుట్టుకుంటూ ఒకాయన నవ్వాడు,
"మడిగట్ల మీద ఎలకల్ని పట్టిన చేతులు గదా మాస్టారూ!"
నేనూ నవ్వాను.
ఎంతసేపు నవ్వానో గుర్తు లేదు,
పోలేరయ్య నవ్వలేదని గుర్తుంది.

వేలంలో సుదర్శనానికి పన్నెండు లక్షలు పలికింది.
వీడికి లక్షా ఇరవై వేలు.
"మూలోళ్ళు ఎక్కడైనా దొరుకుతార్లే" అన్నారు.
రెండో ఏడు మోకాలు పోయింది.
ఇప్పుడు మైపాడు దగ్గర రొయ్యల గుంటలకి రాత్రి కాపలా.

మొన్న అటు పోతుంటే బండి ఆపాడు.
మోటారు షెడ్డులో, మేత బస్తాల సందులోంచి
నూటయాభై పేజీల నోటు పుస్తకం తీశాడు.
ఒక్కో పేజీకి ఒక్కో కూతగాడు.
"సుదర్శనం: దమ్ము అయిపోయే ముందు ఎడమ భుజం దించుతాడు."
"అల్లూరు బాషా: తొడ చరిస్తే బోనస్ గీతకి రాడు. చరచకుంటే వస్తాడు."
"కందుకూరు పొట్టోడు: చూపు కుడికి, కాలు ఎడమకి. కళ్ళని నమ్మబాకు."
పాదాల బొమ్మలు, బాణాలు, తేదీలు.
రాత్రిళ్ళు వాళ్ళక్క అంకమ్మ చేత ఇసకలో కూత పెట్టించి
చీలమండ దొరికే ఒక్క క్షణం కోసం
వందసార్లు, రెండొందల సార్లు.
పుట్టుకతో వచ్చిందట!

"మీది గూడా ఉండాది సారూ" అన్నాడు.
చివరి పేజీ.
"డ్రిల్లు సారు: ఓడిపోతామనిపిస్తే విజిలు తాడు నములుతాడు.
జీతానికి ముందు వారం కసురుకుంటాడు.
మా పిల్లకాయల్ని పిలిచేటప్పుడు
ఇంటిపేరు వదిలేస్తాడు."

టార్చి ఆర్పి టీ పోశాడు.
గుంటల్లో ఏరేటర్లు తిరుగుతున్నాయి.
"నువ్వు కెప్టెన్ కావాల్సినోడివిరా" అన్నాను, ఏదో ఒకటి అనాలని.
"ఆ గడిలో అంత మాట పట్టదులే సార్" అన్నాడు.
పట్టు గురించి అంత మెల్లగా మాట్లాడటం
నేనెప్పుడూ వినలేదు.

ఇంటికొచ్చి అటక మీంచి రిజిస్టరు దించాను.
అంచులు చెదలు తిన్నాయి, గడులు తినలేదు.
సుదర్శనానికి ఇంటిపేరుంది, ఊరుంది, తండ్రి పేరు ముందు శ్రీ ఉంది.
ఖాళీలు లెక్కపెట్టాను. నలభై ఒకటి.
పదకొండేళ్ళ నాటి కాగితం,
ఎవరికీ పంపేది లేదు, ఎవరూ అడగబోరు.
సిరా రంగు కూడా కలవలేదు.
మానికల
అని రాశాను.

తక్కిన నలభై
నాకు తెలియవు.
రేపు మళ్ళీ మైపాడు పోయి
వాణ్ణే అడగాలి.